నైలు కంటే ముందు హుస్సేన్ సాగర్

మా అమ్మ ముప్పై ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు, పసివాడిగా బుట్టలో పెట్టి నైలు ఒడ్డున వదిలిన మోషే కథ చెప్పింది. ఆ నైలు నదిని ఒక్కసారి కళ్లారా చూడాలని ఆవిడ కోరిక. నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక అమ్మానాన్నలను ఈజిప్టు టూరుకు పంపాలనుకున్నాను. ఎడారిలో పిరమిడ్లు, పాత గుళ్లు, ఆ తర్వాత మూడు రోజులు నదిలో ఓడ ప్రయాణం. చిక్కల్లా ఒకటే, నాన్నగారికి నీళ్లంటే భయం.

ఈ రోజు ముగ్గురం బేగంపేటలో టూరు వాళ్ల ఆఫీసుకు వెళ్లాం. నాన్నగారు మేనేజరుతో, "ఎడారంతా తిరుగుతానండి. ఓడ మాత్రం వద్దు. నేను బస్సులో వెనకాలే వస్తాను," అన్నారు.

"గట్ల కుదరదు సార్. మూడు రోజులు తినుడు, పండుడు అంతా ఓడలనే," అన్నాడతను.

అమ్మ ముఖం చిన్నబోయింది. "పోనీలెండి, మానేద్దాం. మీరు లేకుండా నేనొక్కదాన్నే ఏం చూస్తాను?" అంది.

పద్మారావు నగర్‌లో మా ఇంటికి తిరిగి వస్తుంటే నాన్నగారు కారు ట్యాంక్‌బండ్ వైపు తిప్పమన్నారు. నేరుగా బోటు కౌంటరుకు వెళ్లి మూడు టికెట్లు తీసుకున్నారు. సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహం దాకా, ఆ నీళ్ల కంపులోనే, అమ్మ చేయి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకునే కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక కన్ను తెరిచారు.

ఒడ్డుకు చేరాక అమ్మతో, "రేపు మళ్లీ వద్దాం. రెండో కన్ను కూడా తెరుస్తాను," అన్నారు.

హుస్సేన్ సాగర్ కంపు భరించినవారికి నైలు ఒక లెక్కా? మీరేమంటారు?