అత్తయ్యకు నేను చెప్పిన డబ్బింగ్

నా చిన్నప్పుడు మా మేనత్త గొంతు రాష్ట్రమంతా తెలుసు, ముఖం మాత్రం కృష్ణానగర్‌లో మా సందు వాళ్లకే తెలుసు. ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు రాని హీరోయిన్లు తెర మీద పెదాలు కదిపితే ఆ మాటలు పలికేది మా అత్తయ్య. ఒకే ఇంట్లో ముందు వాటాలో మేము, వెనక వాటాలో అత్తయ్యా మామయ్యా ఉండేవాళ్లం. వాళ్లకు పిల్లలు లేరు. బడి లేని రోజుల్లో నన్ను ఆటో ఎక్కించుకుని ఫిల్మ్ నగర్‌లోని డబ్బింగ్ థియేటర్‌కు తీసుకెళ్లేది. అంత బక్కపలచటి మనిషి మైకు ముందు నిలబడి ఏడుస్తుంటే, గద్దిస్తుంటే, నాకు ఒళ్లు జలదరించేది.

ఇంటికొచ్చాక మా ఇద్దరికీ ఒక ఆట ఉండేది. టీవీలో సినిమా వస్తుంటే సౌండు పూర్తిగా తగ్గించేది. పెదాల కదలిక చూసి వాళ్లు ఏం మాట్లాడుతున్నారో నేను పైకి చెప్పాలి. పెదాలు మూసుకున్నాయంటే ప, బ, మలలో ఏదో ఒకటని, ముందు దాన్ని పట్టుకుంటే మిగతా మాట దొరుకుతుందని నేర్పింది. మొదట్లో తప్పులు చెప్పి ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్లం. రానురాను ఆమె శబ్దం లేకుండా ఏం మాట్లాడినా నాకు అర్థమయ్యేది.

ఒక ఎండాకాలం అత్తయ్యకు ఎడమవైపు కింది చిగురు వాచింది. యూసుఫ్‌గూడలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే, పన్ను పుచ్చిందని పీకేశాడు. పుండు మానలేదు. ఆ చోట మళ్లీ కండ పెరిగింది. పైగా గడ్డం, కింది పెదవి ఒక పక్క మొద్దుబారాయి. గిల్లుకున్నా తెలిసేది కాదట. థియేటర్‌లో ప, బ, మలు జారిపోవడం మొదలైంది. ఒక్క టేకులో ఓకే చేయించుకునే మనిషి ఒకే డైలాగు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అలా చెప్పాల్సి రావడం ఆమెకు వాపు కన్నా ఎక్కువ నొప్పి.

పెద్దాసుపత్రిలో దవడ డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముకను లోపల ఏదో తినేసినట్టుందని, చిగురులోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. రక్తం చాలా పోయింది. కుట్లు వేసి, దూది పెట్టి, ఫలితం వచ్చేదాకా అసలు మాట్లాడవద్దన్నారు. ఆ కొన్నాళ్లూ నేనే ఆమె నోరు. ఆమె పెదాలు కదిపేది, నేను పైకి చెప్పేదాన్ని. కూరగాయల బండి దగ్గర బేరం కూడా అలాగే ఆడాం. "బెండకాయలు ముదిరాయి, నీ మీసాలకన్నా గట్టిగా ఉన్నాయి" అని నా నోటితో అనిపిస్తే, బండివాడు ఎవరిని తిట్టాలో తెలియక నవ్వేశాడు.

ఫలితం వచ్చిన రోజు మామయ్యతో పాటు మేమిద్దరమూ వెళ్లాం. మామయ్య మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోమని, తానొక్కడే డాక్టరు గదిలోకి వెళ్లాడు. గది తలుపుకు అద్దం ఉంది. అత్తయ్య ఆ అద్దంలోంచి చూస్తోంది. నేనూ చూశాను. డాక్టరు గారు ఏదో చెబుతుంటే మామయ్య తల పట్టుకున్నాడు. తర్వాత చేతులు జోడించాడు. ఆయన పెదాలు రెండుసార్లు మూసుకుని తెరుచుకోవడం నాకు స్పష్టంగా కనబడింది. ఆమెకు చెప్పకండి అంటున్నాడు.

అంతకు ముందురోజే మా ఇంటి ఓనరమ్మ మామయ్యను వాకిట్లో ఆపి, "ఏం రోగమైనా గాని, ఆడామెకు చెప్పకుర్రి. భయానికే సగం పోతది" అని హెచ్చరించింది. ఆ రోజుల్లో అందరి ఆలోచనా అదే. మామయ్య చెడ్డవాడు కాదు. అత్తయ్యంటే ప్రాణం.

అత్తయ్య లేచింది. నా చెయ్యి పట్టుకుంది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఎవరూ కూర్చోమనకముందే డాక్టరు ఎదురుగా కూర్చుంది. నన్ను పక్కన నిలబెట్టుకుని పెదాలు కదిపింది. నేను చెప్పాను: "నాకేమైందో నాకు చెప్పండి."

డాక్టరు గారు మామయ్య వైపు చూశారు. మామయ్య నేల చూపులు చూశాడు. "చిన్నపిల్ల ముందు ఎందుకమ్మా, పాపను బయట కూర్చోబెట్టండి" అన్నారు డాక్టరు.

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "ఈ పిల్లే నా గొంతు. దీన్ని బయటికి పంపిస్తే నేనేం అడగలేను. రోగం నాది. నాకంటే ముందు ఇంకొకరు వినడమేంటండీ?" ఆ మాటలు నా నోట్లోంచే వచ్చాయి. పెద్దవాళ్లతో నేనలా ఎప్పుడూ మాట్లాడలేదు.

డాక్టరు గారు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు. "ఇది క్యాన్సరమ్మా. అయితే దవడలో పుట్టింది కాదు. ముక్కలో ఉన్న కణాలు నోటి కణాల్లా లేవు, కడుపు లోపల, పేగుల పొరలో ఉండే కణాల్లా ఉన్నాయి. అక్కడెక్కడో పుట్టి, రక్తంలో కలిసి దవడకు చేరింది. మామూలుగా ఇలాంటివి కాలేయానికో ఊపిరితిత్తులకో పాకుతాయి. దవడకు రావడం చాలా అరుదు. నేను చదవడమే గాని చూడటం ఇదే మొదలు" అన్నారు. పుట్టిన చోటు పొట్టా, పేగా అన్నది ముందు వెతకాలని చెప్పి, విరేచనంలో రక్తం పడుతోందా అని అడిగారు. మామయ్య వెంటనే "అబ్బే, అలాంటిదేం లేదండీ" అన్నాడు.

అత్తయ్య ఆయన మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది. పెదాలు కదిపింది. నాకు అర్థమైంది, కానీ నోరు రాలేదు. సిగ్గుతో నసిగాను. అత్తయ్య బల్ల మీద వేలితో టక్కున కొట్టింది. థియేటర్‌లో సౌండ్ ఇంజనీరు రీటేక్ అడిగితే, మళ్లీ మొదలుపెడదామన్నట్టు ఆమె అలాగే కొట్టేది. నేను ఊపిరి పీల్చుకుని గట్టిగా చెప్పాను: "పడుతోంది. సంక్రాంతి ముందు నుంచీ పడుతోంది. మూలశంక అనుకుని మజ్జిగ తాగుతూ ఊరుకున్నాను. ఒక్కోసారి మలబద్ధకం, ఒక్కోసారి విరేచనాలు. బరువు కూడా తగ్గాను."

మామయ్య ఆమె వైపు తిరిగి చూసిన చూపు నేను మరిచిపోలేను. డాక్టరు గారు గబగబా రాసుకున్నారు. "ఈ మాట మాకు దారి చూపిస్తుందమ్మా. ముందు పెద్దపేగు చూద్దాం" అన్నారు.

అత్తయ్య అడగాల్సింది ఇంకా ఉంది. నయమవుతుందా అని అడిగింది. పూర్తిగా నయమవుతుందని మాటివ్వలేనని, అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన అవసరమూ లేదని ఆయన నిజాయితీగా చెప్పారు. "మరి నా గొంతు?" అంది. చికిత్స వల్ల నోరు ఎండిపోతుంది, పెదవి మొద్దుగానే ఉండొచ్చు, గొంతు ఉంటుంది అన్నారు. అత్తయ్య చివరిసారి పెదాలు కదిపింది. నేను చెప్పాను: "అయితే మొదలుపెట్టండి."

గొట్టం వేసి చూస్తే పెద్దపేగులో ఎడమవైపు గడ్డ దొరికింది. స్కానింగులో ఇంకెక్కడా కనబడలేదు. పేగులో ఆ భాగం తీసేశారు. దవడకు కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. ఆ తర్వాత మందుల సెలైన్లు. వాంతులతో, నోటి పుళ్లతో ఆమె పడ్డ బాధ చిన్న బాధ కాదు. ఒక్కోరోజు గోడవైపు తిరిగి పడుకుంటే ఎవరు పిలిచినా పలికేది కాదు. కానీ సంతకం పెట్టాల్సిన ప్రతి కాగితం తానే చదివింది. ఏ మందు ఎందుకో అడిగాకే చెయ్యి చాపింది.

ఎవరైనా అడిగితే ఆమె ఊరెళ్లిందని చెబుదామని ఇంట్లోవాళ్లం అనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు. సందులో ఎదురైన ప్రతి మనిషికీ పెద్దపేగు క్యాన్సర్ అని, దవడకు పాకిందని, అంటుకునే జబ్బు కాదని పేరుపెట్టి చెప్పింది. "ఎందుకు బిడ్డా అందరికీ చెప్పుకుంట తిరుగుడు?" అని ఓనరమ్మ నొచ్చుకుంటే, "నేనేం దొంగతనం చేయలేదు కదండీ" అంది.

ఆ తర్వాత పనికి పిలిచేవాళ్లు తగ్గారు. ఎవరూ పిలవకపోయినా ఆమె ఒక రోజు నన్ను తీసుకుని ఫిల్మ్ నగర్ వెళ్లింది. తలకు చీర కొంగు కప్పుకుని, మంచినీళ్ల సీసా పట్టుకుని, మైకు ముందు నిలబడింది. థియేటర్ వాళ్లు మొహమాటపడుతూ, ఇంట్లో విశ్రాంతి తీసుకోకపోయారా అన్నారు. "వినండి. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి. జాలిపడి పంపించొద్దు" అంది. గొంతు ముందులా లేదు. బొంగురు వచ్చింది, కాస్త నిదానించింది. ప, బ, మలను బలవంతంగా అదిమి పలికింది. హీరోయిన్ పాత్రలు మళ్లీ రాలేదు. కోర్టులో వాదించే లాయరమ్మకు, కొడుకుని నిలదీసే తల్లికి ఆ గొంతే కావాలని పిలిపించుకున్నారు.

మూడేళ్ల తర్వాత జబ్బు కాలేయానికి పాకింది. అప్పుడు కూడా డాక్టరు చెప్పింది ముందు ఆమెకే. ఇంకో కోర్సు మందులు ఎక్కించుకుంటే ఎంత లాభం, ఎంత బాధ అని అడిగి, విని, ఇక వద్దని తానే చెప్పింది. మామయ్య ఆ రోజు ఎదురుచెప్పలేదు. ఆమె పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ఇంట్లోనే, మా అందరి మధ్యా పోయింది. ఆమె ఓడిపోయిందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపమే.

నాకిప్పుడు జుట్టు నెరిసింది. మా ఇంట్లో ఈ జబ్బు ఉంది కాబట్టి నేనూ పేగు పరీక్షలు చేయించుకుంటూ ఉంటాను. ఈమధ్య అలాగే వెళితే, కొత్త డాక్టరు ఫలితం చేతిలో పెట్టుకుని, మా అబ్బాయిని మాత్రం లోపలికి రమ్మన్నారు. వాడికంటే ముందు నేను లేచాను. లోపలికి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని, ఏముందో నాకు చెప్పమన్నాను. చిన్న కండ ఉంటే తీసేశారట, అంతే. విరేచనం గురించి, రక్తం గురించి నేను అడగాల్సినవన్నీ అడుగుతుంటే మా అబ్బాయి బయట జనం వింటున్నారని సైగ చేశాడు. విననీ అన్నాను. ఆసుపత్రి గదిలో నేను గొంతు తగ్గించి మాట్లాడను.