తప్పుల్లేని కాగితం

మొన్న మా బడిలో పిల్లల మధ్య వేధింపులను ఆపడానికి ఒక కమిటీ వేసి, వయసులో పెద్దదాన్నని నన్ను దానికి అధ్యక్షురాలిని చేశారు. నియమాలు చదివి వినిపించమన్నారు. తెగ పేరుతో, భాష పేరుతో ఎవరినీ వెక్కిరించకూడదన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. దగ్గినట్టు నటించి, మంచినీళ్లు తాగి, ఎలాగో ముగించాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సారపాకలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదాన్ని కూడా నేనే కావడంతో నా ఉచ్చారణ మీద నాకు మహా గర్వం. ఎవరైనా ఒత్తు మింగేస్తే నాకు అన్నం సహించేది కాదు. ఆ ఏడు ములకలపల్లి అవతలి అడవి పల్లె నుంచి ఒక కోయ పిల్ల ఏడో తరగతిలో చేరింది. వాళ్లమ్మ తునికాకు కోసి, కూలికి పోయి చదివించేది. పిల్ల సారపాకలో చిన్నమ్మ ఇంట్లో ఉండేది. గుండ్రటి దస్తూరి. చదివేటప్పుడు మాత్రం ‘భాష’ను ‘బాస’ అనేది. తరగతి నవ్వేది. సిగ్గుపడితే జల్దీ నేర్చుకుంటుందని నేను మళ్లీ మళ్లీ చదివించేదాన్ని. ఒకటి రెండుసార్లు నేనూ నవ్వాను. ఆ నవ్వే పిల్లలకు అనుమతి అయింది. ఆమెను పేరుతో పిలవడం మానేసి ‘అడవి’ అన్నారు. పక్కన కూర్చోవడం మానేశారు. ఒకనాడు ఆమె అన్నం డబ్బాలో ఆకులు, మట్టి కుక్కి, మీ కూర ఇదే కదా అన్నారు.

మర్నాడు వాళ్లమ్మ వచ్చింది. వరండాలో నన్ను నిలేసింది. “టీచరమ్మా, మా పిల్లను గట్ల అనుమని ఏ పుస్తకంల ఉంది? ఠాణాకు పోతే కేసైతదంట గద?”

హెడ్‌మాస్టరుగారికి చెమటలు పట్టాయి. నన్ను పక్కకు పిలిచి, పిల్లతోనే ఏమీ జరగలేదని రాయించమన్నారు. రాయించాను. స్టాఫ్‌రూములో నా కుర్చీలోనే కూర్చోబెట్టి, ‘ఆటల్లో అనుకున్న మాటలు, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు’ అని ఒక్కో మాటా చెప్పాను. ఆమె కలం ఆపి తలెత్తింది.

“ఆటలు కాదు గద టీచర్?”

“రాయమ్మా, అన్నీ సర్దుకుంటయి.”

‘పిర్యాదు’ అని రాసింది. దాన్ని కూడా దిద్దించాను.

చదువు రాని తల్లి ఆ కాగితం పట్టుకుని కూతురి మొహంలోకి చూసింది. “నువ్వే రాసినవా?” పిల్ల నా వైపు చూసి “అవ్” అంది. వారం తిరగకుండా టీసీ తీసుకుపోయారు. అలాంటి పిల్లలను కాపాడే చట్టం అప్పటికే ఉంది. అది ఆ పిల్ల దాకా రాకుండా అడ్డం నిలబడింది నేను.

చాలా ఏళ్లకు వాళ్ల చిన్నమ్మ బజారులో కనబడితే ధైర్యం చేసి అడిగాను. “మళ్ల బడి మొహం చూడలే టీచర్. పెండ్లయింది, ఇద్దరు పిల్లలు. వాళ్లతోటి మా మాట మాట్లాడనే మాట్లాడది, తెలుగే” అంది. ఊరు అడిగితే చెప్పింది. నేను ఇంతవరకూ వెళ్లలేదు.

నాకవి గడిచిపోయిన ఏళ్లు. ఆమెకు అందకుండా పోయిన ఏళ్లు.