లొరెట్ చెవినపడ్డ సముద్రం

లొరెట్ వంటింట్లోంచి చూస్తే సముద్రం కనిపించదు. ఇల్లు కొండ మీదే ఉన్నా, కట్టిన మహానుభావుడు చలిగాలి తగలకూడదని కిటికీని వెనక చెట్ల వైపు తిప్పాడు. సముద్రం మీద బతికేవాళ్ళు దానికి వీపు పెట్టి ఇళ్ళు కట్టుకోవడం లోకంలో చాలా రేవుల్లో ఉన్నదే. రోజంతా దాని మొహమే చూసి వచ్చినవాడికి ఇంట్లో కూడా అదే ఎందుకు? ఇంట్లో ఉండిపోయేవాళ్ళ సంగతి మాత్రం ఆ కట్టినవాడికి తట్టలేదు. అందుకనే కెనడాలో నోవా స్కోషియా దక్షిణపు కొసన, ఫ్రెంచి మూలాల అకేడియన్లు ఉండే ఆ రేవులో ఏ వంటింట్లో చూసినా ఒక స్కానర్ ఉంటుంది. పడవల మధ్య నడిచే మాటల కోసం ఒక్కో ఛానలూ తడుముకుంటూ పోయి, గొంతు వినిపించిన చోట ఆగే పెట్టె అది. వినడమే దాని పని. తిరిగి ఒక్క మాట చెప్పడానికి వీల్లేదు.

లొరెట్ కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, అత్త నొయెమీ ఆ పెట్టెను రొట్టెల డబ్బా మీద పెట్టి పొద్దస్తమానం బుస్సుమని మోగిస్తూ ఉండేది.

"హోరు ఆపే మీట ఉంది కదత్తయ్యా, కాస్త తిప్పకూడదూ? తల పగిలిపోతోంది."

"తిప్పితే దూరంగా ఉన్నవాడు వినపడడే పిల్లా. దగ్గరున్నవాడితో మనకేం పని, ఎలాగూ తిండికి వస్తాడు!"

అత్త పోయాక లొరెట్ చేసిన మొదటి పని ఆ మీట బిగించడం. ఇల్లు ప్రశాంతమైంది. చేపల ఫ్యాక్టరీలో పని ముగించుకుని వచ్చి, రాపూర్ అనే తమవాళ్ళ వంటకం కోసం బంగాళాదుంపలు తురుముతూ, ఏళ్ళ తరబడి ఆమె ఆ గొంతులు వింది. వినగా వినగా మనుషుల లోపలి సంగతులు కూడా తెలియసాగాయి. ఎవడి బోన్లు లాబ్‌స్టర్లతో నిండాయో, ఎవడు ఖాళీ బోన్లు లాగుతూ గొప్పలు పోతున్నాడో, ఎవరింట్లో పొద్దున్నే పోట్లాట జరిగిందో గొంతు పట్టి చెప్పేసేది. ఒకసారి ఎదురింటాయన మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్న తీరు నచ్చక, "మీ ఆయన్ని డాక్టరుకి చూపించవే" అని వాళ్ళావిడతో అంది. గుండె జబ్బు బయటపడింది. వైద్యం జరిగింది. ఆయన ఈనాటికీ నిక్షేపంగా పడవ నడుపుతున్నాడు.

భర్త ఆల్సిడ్ ఒక్కరోజు కూడా ఆ పెట్టె దగ్గర కూర్చోలేదు. కూర్చోవలసిన అవసరమూ రాలేదు. అతనెప్పుడూ దాని అవతలి కొసన, సముద్రం మీద ఉండేవాడు.

ఈ ఏడు అతని మోకాలికి ఆపరేషన్ అయింది. 'నొయెమీ' అని తల్లి పేరు పెట్టుకున్న పడవ కూతురు మార్సెల్ చేతికి వచ్చింది. నవంబరు చివరి సోమవారం వేట మొదలై, సముద్రంలోకి బోన్లు దించే రోజు. రేవులోని పడవలన్నీ బోన్లను డెక్ మీద ఇంటికప్పంత ఎత్తున పేర్చుకుని ఒక్కసారే బయలుదేరతాయి. మంచి చోటు ముందు చేరినవాడిది. ఏడాది మొత్తంలో పడవలు అంత బరువుతో, అంత తొందరగా వెళ్ళేది ఆ ఒక్కరోజే. కెప్టెన్‌గా మార్సెల్‌కి అదే మొదటిసారి.

సరిగ్గా ఆ ముందటి వారమే పాత స్కానర్ మూగబోయింది. లొరెట్ చేతిలో పట్టే కొత్తది తెచ్చుకుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే బల్ల మీద గుడ్డ పరిచి కూర్చుంది. దాంతో వచ్చిన బెత్తెడు రబ్బరు ఏంటెనా విప్పి పక్కన పెట్టి, ఇంటికప్పు మీది పెద్ద ఏంటెనా తీగను కిటికీ సందులోంచి లాగి తగిలించింది. ప్రమాదాల ఛానల్, వాతావరణం, రేవు ఛానల్, ఆల్సిడ్ అన్నదమ్ములు బోన్లు దించిన చోట్లు చెప్పుకునే సొంత ఛానల్, ఒక్కొక్కటే నొక్కి గుర్తుంచుకోమని చెప్పింది. ఒకచోట మాత్రం పెట్టె ఆగిందంటే కదలడం లేదు. అదే రేవు పడవవాడు ఉర్బాన్ అక్కడ తన వియ్యంకుడికి పంటినొప్పి కథ చెబుతున్నాడు.

"ఆ వాగుడుకాయేనా? నోరు నొక్కెయ్" అన్నాడు ఆల్సిడ్ సోఫాలోంచి. బోన్ల చోటు దగ్గర తగువొచ్చి అతను ఉర్బాన్‌తో మాట్లాడి ఏళ్ళు గడిచాయి.

ఆ రేవులో సగం ఇళ్ళు చేసే పనే లొరెట్ కూడా చేసింది. స్కానర్ ఇకమీదట ఉర్బాన్ ఛానల్ మీద ఆగకుండా దాటిపోయేలా మీట నొక్కేసింది.

మర్నాడు పడవలు వెళ్ళాయి. పొద్దెక్కింది. గాలి వాయవ్యానికి తిరిగి పెరిగింది. బావగార్ల గొంతులు వినిపించాయి గాని మార్సెల్ గొంతు లేదు. ఆల్సిడ్ కుంటుకుంటూ వంటింట్లోకి రావడం, పెట్టె వైపు చూడటం, మళ్ళీ వెళ్ళడం.

"ఏమైనా అందా?"

"లేదు."

"పనిలో ఉండి ఉంటుంది."

"నువ్వు పనిలో ఉన్నప్పుడు ఊరుకునేవాడివా? పాటలు పాడేవాడివి."

ఆల్సిడ్ ఈసారి వెళ్ళలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లొరెట్ చెయ్యి తుడుచుకుని స్కానర్ అందుకుంది. వదిలేసిన ఛానళ్ళన్నిటినీ మళ్ళీ కలిపింది. తర్వాత, తన ఇంట్లో ఏనాడూ చెయ్యని పని, హోరు ఆపే మీటను పూర్తిగా వదులు చేసి, ఒక్కో ఛానల్ దగ్గరా చేత్తో ఆపి వినసాగింది.

వంటిల్లు హోరుతో నిండిపోయింది. ఆ హోరు ఖాళీగా లేదు. దానికి అడుగుంది. ఎక్కడివో సన్నటి గొంతులు, ఏ తీరానివో తెలియని మాటలు, ఎవరో దగ్గడం, ఎవరో ఏదో పేరు పిలవడం. మన చుట్టూ గాలి ఎప్పుడూ ఇలా మనుషులతో కిక్కిరిసే ఉంటుంది. దుంపలు తురిమే చేతుల మీదుగా, నిద్రపోయే తలల మీదుగా అవి పోతూనే ఉంటాయి.

ఉర్బాన్ ఛానల్ వచ్చింది. గాలి గురించి దంచుతున్నాడు. ఊపిరి కోసం ఆగాడు. ఆ సందులో, హోరు అట్టడుగున, గోరుతో గీసినంత సన్నగా: "...ఉర్బాన్ మావయ్యా... నొయెమీ పడవ నుంచి... తాడు చుట్టుకుంది... నల్లపళ్ళ వైపు..."

ఉర్బాన్ మళ్ళీ అందుకున్నాడు. పడవల్లో ఇంజను రొదకి అందరూ ఆ మీట బిగించే ఉంచుతారు. అతనికి ఆ గొంతు అందలేదు.

ఆల్సిడ్ మొహం పాలిపోయింది. "చేతి రేడియోలోంచి మాట్లాడుతోంది. బోన్లు ఒరిగి పైన ఏంటెనా విరిగి ఉంటుంది. పడవ అడుగున తిరిగే పంకాకి తాడు పడితే ఇంజను ఉన్నా లేనట్టే. నల్లపళ్ళ రాళ్ళ మీదికి..."

లొరెట్ అప్పటికే రేవులో లాబ్‌స్టర్లు కొనే గుస్టావ్‌కి ఫోన్ కలిపింది. అతని షెడ్డులో పెద్ద రేడియో ఉంది.

"గుస్టావ్, ఉర్బాన్ నోరు మూయించు. నా కూతురు వాడినే పిలుస్తోంది, వాడికి వినపడటం లేదు. పంకాకి తాడు చుట్టుకుంది, నల్లపళ్ళ వైపు కొట్టుకుపోతోంది."

మరుక్షణం స్కానర్ అదిరేలా గుస్టావ్ గొంతు వచ్చింది. "ఉర్బాన్! నీ పురాణం ఆపరా! నల్లపళ్ళ దగ్గర మార్సెల్ పడవ ఇంజను లేకుండా కొట్టుకుపోతోంది. దగ్గరున్నది నువ్వేగా!"

ఉర్బాన్, లొరెట్ ఎన్నడూ వినని గొంతుతో అన్నాడు: "వెళ్తున్నా."

ఆ తర్వాత జరిగినది ఆమె ఇన్నేళ్ళ వినికిడిలో ఎరగదు. ఛానళ్ళన్నీ ఆగిపోయాయి. ఆమె ఒకటొకటిగా తిప్పి చూసింది. బోన్లు దించే రోజున, క్షణం తీరిక లేని రోజున, ఒక్కడూ మాట్లాడటం లేదు. ఆ పిల్ల సన్నటి గొంతుకి దారి ఇవ్వడానికి సముద్రం మీది మగాళ్ళందరూ ఒక్కసారిగా నోళ్ళు కట్టుకున్నారు. ఆ మౌనం ముందు లొరెట్ చర్చిలో నిలబడ్డట్టు లేచి నిలబడింది. ఆల్సిడ్ కూడా బల్ల పట్టుకుని లేచాడు.

హోరు. మళ్ళీ హోరు. "...కనిపిస్తున్నావు మావయ్యా..." హోరు. ఉర్బాన్ కేక: "తాడు విసురుతున్నా, పట్టుకో!" చాలాసేపటి తర్వాత అతనే: "పట్టుకుంది. లాగుతున్నా. రాళ్ళు దాటాం. ఆల్సిడ్ పెళ్ళానికి ఎవరైనా చెప్పండి."

లొరెట్ కుర్చీలో కూలబడింది.

"తన బోన్ల చోటు వదులుకుని వచ్చాడు వెధవ" అన్నాడు ఆల్సిడ్ బొంగురుగా. "ఈపాటికి ఎవడో ఆక్రమించి ఉంటాడు."

రేవు నుంచి గజ ఈతగాడు పడవలో వెళ్ళి పంకాకి చుట్టుకున్న తాడు కోశాడు. ఉర్బాన్ పడవ పక్కనే ఉండటంతో మార్సెల్ గొంతు ఇప్పుడు అతని రేడియోలోంచి వస్తోంది, దగ్గరగా, స్పష్టంగా. "సగం బోన్లు ఇంకా డెక్ మీదే ఉన్నాయి మావయ్యా. దించేసే వస్తా."

"ఇంటికి రమ్మను దాన్ని!" ఆల్సిడ్ బల్ల మీద గుద్దాడు. "రమ్మని చెప్పు!"

"ఎలా చెప్పను? ఇందులోంచి చెప్తే వినపడదు. గుస్టావ్ చేత చెప్పిస్తే మాత్రం వింటుందా, నీ కూతురేగా?"

"మరి ఏం చేస్తావ్?"

"నువ్వు సముద్రం మీదున్నన్నాళ్ళూ ఏం చేశాననుకున్నావ్?"

అతను భార్య మొహంలోకి చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు. ఏదో అడగబోయాడు. ఇంతలో పెట్టెలోంచి "దించు!" అంది కూతురు. బోను చెక్క మీద జారిన చప్పుడు, నీళ్ళలో పడిన చప్పుడు, వెనకే తాడు పరుగు. మళ్ళీ "దించు!" ఇద్దరూ బల్ల మీదికి వంగి, తలలు దగ్గరగా పెట్టుకుని, రెండో బోను నీళ్ళలో పడటం విన్నారు.