ఊపిరి వెంట నడిచిన కూనిరాగం

ఉప్పల్ ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగిస్తుంటే ఫోన్ వచ్చింది. "మామ పోయిండు బిడ్డా" అంది అత్త. నేను ఆయన దగ్గర నుంచి వచ్చి మూడు గంటలే అయింది.

మాకు చుట్టరికం లేదు. నాచారంలో ఒక చిన్న దవాఖానాలో కట్లు కట్టే కాంపౌండరు ఆయన, అందరికీ మామే, ఆయన భార్య అందరికీ అత్తే. మూడేళ్ల క్రితం ఆవిరి తగిలి నా కుడిచేయి మోచేతి దాకా కాలింది. నెలన్నర పాటు రోజు విడిచి రోజు ఆయన ముందు కూర్చున్నాను. పుండుకు అంటుకున్న గుడ్డను ఊడదీయడమంటే ఏమిటో కాలినవాళ్లకే తెలుసు. మొదటి రోజు గుమ్మం దాటకముందే ఏడ్చాను.

ఆయన గుడ్డ ముట్టుకోలేదు. నా భుజాల వైపు చూస్తూ, నేను రొప్పుతున్న వేగంతోనే కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. మాటల్లేవు. కాసేపటికి రాగం నెమ్మదించింది, నా ఊపిరీ నెమ్మదించింది. చూసుకునేసరికి కట్టు సగం ఊడి ఉంది. నొప్పి పోలేదు కానీ పక్కగదిలో ఇంకెవరిదో అన్నట్టుంది.

"ముందుగాల నీ ఊపిరెంబడి నేను ఉరుకుత. తర్వాత అది నా ఎంబడి నడుస్తది" అనేవాడు.

ఒకరోజు ఆయన రాగం మధ్యలో ఆపాడు. నేను ఊపిరి తీసుకోబోతే రాలేదు. మళ్లీ ఎత్తుకున్నాకే వచ్చింది. ఆ మాట చెబితే ఆయన నవ్వలేదు. "జరసేపు నాకియ్యి. మళ్ల నీకే ఇస్త" అన్నాడు. ఇచ్చాడు కూడా. ఈ వేళ్లు ఇవాళ ముడుచుకుంటున్నాయంటే ఆయన చలవే.

ఇంట్లో మాత్రం ఎన్నడూ పాడలేదట. నొప్పి లేని చోట పాడితే నొప్పిని పిలిచినట్టేనని అత్తతో అనేవాడట.

ఈ ఏడు ఆయన ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి ఇంటికి పంపారు. నర్సు వచ్చి నీరు తీసేది. ఆయన పోయిన రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఆమె ఆ పనిలోనే ఉంది. జన్మంతా ఎదుటివాళ్ల నొప్పి దగ్గర కూర్చున్న మనిషి మంచంపట్టె పట్టుకుని వణుకుతున్నాడు.

"బుగులైతాంది బిడ్డా. జర పాడు" అన్నాడు. ఆయన నోట భయం మాట వినడం అదే మొదలు.

నాకు పాట రాదు. అయినా ఆయన రొప్పు వెంట పరిగెత్తి, మెల్లగా తగ్గించాను. ఆయన ఊపిరి నా వెనకే రావడం మొదలుపెట్టింది. పట్టె మీద వేళ్లు సడలాయి. నిద్రపట్టింది. పాట ఆపి, షిఫ్టుకు టైమైందని ఆటో ఎక్కాను. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి నాకు ఒకటే బాధ. అంత నెమ్మది చేసి, ఆ ఊపిరిని ఆయనకు తిరిగి ఇవ్వకుండానే వచ్చేశానా?

సాయంత్రం వాకిట్లో అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆఖరిదాక బుగులు పడలే బిడ్డా. నువ్వు ముందటి అర్రల కూసోని పాడుతనే ఉంటివి గద. నీ పాట ఆగినంకనే ఆయన ఊపిరి ఆగింది."

ఆ ముందు గదిలో నేను లేను, అప్పటికి ఉప్పల్లో ఉన్నాను.

"అవునత్తా" అన్నాను.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చి ఊపిరాడలేదు. వీపు మీద చెయ్యేసి, ఆ రొప్పు ఎంత వేగంగా ఉందో చూసుకుని, రాగం ఎత్తుకోబోయాను. నేను నోరు తెరవకముందే, మామను పడుకోబెట్టిన గదిలోంచి, అదే వేగంతో, కూనిరాగం మెల్లగా మొదలైంది.