వకీలమ్మ చెప్పిన జవాబు

ఆమె చదివింది ఎనిమిదో తరగతి, చేసేది బట్టలు కుట్టే పని. అయినా వీధి వీధంతా ఆమెను వకీలమ్మ అనే పిలుస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమె వాదించింది ఒకే ఒక్క కేసు, కూతురిది. కూతురికి ఆటిజం. డాక్టరు అడిగినా, టీచరు అడిగినా, బస్సులో పక్కసీటావిడ అడిగినా, పిల్ల నోరు తెరిచేలోగా తల్లి జవాబు చెప్పేసేది. ఎవరైనా "అయ్యో పాపం" అన్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

కూతురు ఒక పెద్ద లాండ్రీలో పనిచేస్తుంది. ఇస్త్రీ అయిన బట్టలు మూటగట్టి, చీటీ కుట్టి, వ్యాన్‌లోకి ఎక్కించడానికి వరుసగా పేర్చాలి. ఆరేళ్లలో ఒక్క మూట తప్పిపోలేదు. అలాంటిది, ఉన్నట్టుండి ఒకరోజు యజమాని తల్లిని పిలిపించాడు.

"మూడు నెలలుగా చూస్తున్నానమ్మా. కొత్త డ్రైవరు తిరిగే దారి వేరు. కాగితం మీద రాసి గోడకు అంటించినా, పాత డ్రైవరు వెళ్లే వీధుల వరుసలోనే పేరుస్తోంది. బరువు మూటలన్నీ గుమ్మం పక్కనే పెడుతోంది. ఏమంటే, అతనికి నడుంనొప్పి అంటుంది. ఆ మనిషే లేడు కదా! ఇలాగైతే నేను ఉంచుకోలేను."

ఆ పాత డ్రైవరు వకీలమ్మకు తెలుసు. మూడు నెలల కిందట ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "మీ అమ్మాయికి ఇష్టమైతే పెళ్లి చేసుకుంటానండీ" అన్నవాడు అతనే. అప్పుడామె లోపలికెళ్లి "ఇష్టమేనా?" అని అడిగింది. కూతురు "తెలియదు" అని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. తల్లికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? "దానికి అలాంటివి తెలియవు నాయనా, ఆశ పెట్టుకోకు" అని పంపించేసింది. వారం తిరక్కుండా అతను ఉద్యోగం మానేశాడు.

ఆ సాయంత్రం కూతురు ఎప్పటిలాగే వీడియో గేమ్ ముందు కూర్చుంది. కథలా సాగే ఆట అది. అందులో ఆటిజం ఉన్న లైట్‌హౌస్ కాపలాదారు ఒకడు, పడవలు బాగుచేసే అమ్మాయి ఒకతె. తల్లి ఏనాడూ అటు చూసిన పాపాన పోలేదు. ఇవాళ ఎందుకో కుట్టుమిషను ఆపి, వెళ్లి పక్కన కూర్చుంది.

"నేనిక్కడే ఉండిపోనా?" అని పడవల అమ్మాయి అడిగింది. కాపలాదారు "తెలియదు" అని మెట్లెక్కి పైకి పోయాడు. ఆమె ఆగాలా, వెళ్లిపోవాలా? తేల్చాల్సింది ఆడేవాళ్లే.

"వెళ్లిపొమ్మను. వాడికి మనసనేది ఉంటేగా!" అంది వకీలమ్మ అలవాటు కొద్దీ.

"ఉంది," అంది కూతురు, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఆమె రాకముందే పనిముట్లన్నీ ఆమె వాడే వరుసలో పెట్టి ఉంచుతాడు. రోజూ పెడతాడు. నువ్వు చూడలేదు."

"మరి తెలియదన్నాడుగా?"

"అప్పటికి తెలియదు. అడిగాక ఆగాలి. మూడో రోజు చెప్తాడు." కాసేపు బటన్లు నొక్కి, మళ్లీ అంది: "నాకూ మూడో రోజుకి తెలిసింది. అతను రాలేదు."

నా బిడ్డకు మనసుందని వకీలమ్మ ఊరందరితో పోట్లాడింది. లేదని తీర్పు చెప్పింది మాత్రం తనే, టీ మరిగేంత సేపైనా ఆగకుండా. ఆ తల్లి దుఃఖం పగవాళ్లకు కూడా వద్దు.

వంటింట్లోకెళ్లి అతనికి ఫోన్ చేసింది. "పోయిన వారమే నా పెళ్లయిందండీ," అన్నాడతను నెమ్మదిగా. "తను బాగుందా? నేను అలా అడిగినందుకు కోపమేం లేదు కదా?" ఏం చెప్పి పెట్టేసిందో ఆమెకే గుర్తులేదు.

తిరిగొచ్చేసరికి ఆటలో మూడో రోజు వచ్చింది. కాపలాదారు మెట్లు దిగొచ్చి, ఉండిపొమ్మన్నాడు.

"చూశావా!" అంది కూతురు. ఆ ముఖం అలా విప్పారి ఎన్నాళ్లయిందో. "అతన్ని ఇంకోసారి అడగమనమ్మా. ఈసారి మూడు రోజులు అక్కర్లేదు. జవాబు నా దగ్గరుంది. ఎప్పుడొస్తాడు?"

వకీలమ్మ నోరు తెరిచింది.

అడిగాక ఆగాలి కదా. కూతురు ఆట పక్కన పెట్టి, తల్లి వైపు తిరిగి, ఆగింది.