కొళాయి కరుస్తోందంటే నమ్మిన మనిషి

టీచరమ్మ పోయారన్న కబురు నాకు రేడియోలోనే తెలిసింది. పొద్దున్న ఏడింటికి మా హ్యామ్ రేడియో వాళ్లం, అంటే ఇళ్లలో సొంత సెట్లు పెట్టుకుని సరదాకి మాట్లాడుకునే వాళ్లం, పదిమందిమి ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకుని, ఎవరి మాట ఎవరికి ఎలా వినిపిస్తోందో చెప్పుకుంటాం. రోజూ మొదట పలికేది ఆవిడే. ఆ రోజు పలకలేదు. కాసేపు చూసి విజయనగరం మిత్రుడు మైకు అందుకున్నాడు. "టీచరమ్మ తెల్లారుజామున ప్రభువు దగ్గరికి ఎల్లిపోనారు. కూతురు ఇప్పుడే ఫోను సేసినాది" అన్నాడు.

నేను సెట్టు కట్టేసి వంటింట్లోకి వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ చేతిలో టీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, "నానూ వస్తాను, బండి తియ్యి" అంది. మా ఇళ్లలో ఆడవాళ్లు చావింటికి వెళ్లి పలకరించి వస్తారే గాని పూడ్చే చోటు దాకా వెళ్లరు. డెబ్బై రెండేళ్లలో అమ్మ కూడా ఎప్పుడూ వెళ్లలేదు. ఆ రోజు ఎందుకు బయలుదేరిందో చెప్పాలంటే టీచరమ్మ ఎవరో ముందు చెప్పాలి.

ఆవిడ బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. తంతి ఆఫీసులో టకటకమని మీట నొక్కి టెలిగ్రాములు పంపే ఉద్యోగం చేశారు. ఆదివారాలు బాప్టిస్టు చర్చిలో పిల్లలకు కథలు చెప్పేవారు కనుక నరసన్నపేటలో ఆ వీధి వీధంతా ఆవిడను టీచరమ్మ అనేది. రిటైరయ్యాక పెరట్లో పొడుగాటి సరుగుడు రాట పాతించి, దాని కొసన రాగి తీగ కట్టి, దేశదేశాల హ్యాములతో మాట్లాడేవారు. చుట్టుపక్కల ఎవరికి ఈ పిచ్చి పట్టినా లైసెన్సు పరీక్షకు తయారుచేసేది ఆవిడే. నన్నూ ఆవిడే తయారుచేశారు.

ఉద్యోగం వదిలినా టెలిగ్రాము భాష ఆవిడను వదల్లేదు. నా మొదటి యాంటినా ఫోటో తీసి ఫోనులో పంపితే వచ్చిన జవాబు ఇది: "తీగ బాగుంది. ముడి బాలేదు. మళ్లీ కట్టు." నేను రెండు రోజులు మొహం మాడ్చుకుని, మూడో రోజు మళ్లీ కట్టాను.

యాంటినా తీగను ఎప్పుడూ లెక్క కంటే ఒక మూరెడు ఎక్కువే కోయించేవారు. "ఎక్కువైతే మడతెట్టుకుందుం. తక్కువైతే ఏటి సేస్తావు, ఏడుస్తావా?" అనేవారు. రాటకు కట్టే తాడు కోసం బజారుకు వెళ్లేవారు కాదు. బస్సెక్కి కళింగపట్నం పోయి, పడవల వాళ్లను అడిగి, వాళ్లు వాడే తాడే తెచ్చుకునేవారు. నేను ఒకసారి షాపులో మెరిసే నైలాను తాడు కొని తెస్తే అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పడేశారు. "ఉప్పుగాలికి ఏది ఆగుతాదో ఆళ్లకి తెలుస్తాది. షాపోడికేటి తెలుసు?" అన్నారు. నా తాడు ఆ ఎండాకాలం దాటకుండానే పొడిపొడి అయిపోయిందని ఒప్పుకోవాలి.

ఇనప వస్తువు ఏదైనా సరే, మొదట వేళ్ల వెనక వైపు తాటించి చూసేవారు. కరెంటుంటే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుందట. అరిచెయ్యి వేస్తే మూసుకుని పట్టేసుకుంటుందట. కొత్త వాళ్ల ఇంటికి వెళ్లినా గేటుకీ అంతే, ఫ్రిజ్జుకీ అంతే. ఆకాశం ఉరిమిందా, ఎవరు మాట్లాడుతున్నా సరే యాంటినా తీగ పీకేసి బయట పడేసేవారు. నాకు కాలేజీలో ప్రమోషన్ వచ్చిన సంగతి నేను వర్ణిస్తుండగా "మబ్బేసినాది. పీకేస్తన్నాను" అని మాయమైపోయారు. మర్నాడు పొద్దున్న వచ్చి, "ఊఁ, ప్రమోషన్ వచ్చినాది. తర్వాత?" అన్నారు.

ఇక నా సంగతి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇది ఇక్కడ చెప్పుకోవడం నాకేం గొప్ప కాదు. లైసెన్సు వచ్చిన కొత్తలో సెట్టుకి కరెంటు అందించే పాత పవర్ సప్లై పెట్టె ఒకటి సంపాదించి సెట్టు పెట్టుకున్నాను. సెట్టుకి ఎర్తు కావాలి. గొయ్యి తవ్వాలంటే బద్ధకం. పెరట్లో గోడవార ఇనప కొళాయి గొట్టం భూమిలోకి దిగి కనిపించింది. నీళ్ల గొట్టం కంటే మంచి ఎర్తు ఏముంటుందిలే అనుకుని, సెట్టు వెనక నుంచి తీగ లాగి దానికి బిగించేశాను. పాత పాఠ్యపుస్తకాల బొమ్మల్లో కూడా అలాగే ఉంటుంది.

ఓ పది రోజులకు అమ్మ, "ఒరే, కొళాయి కరుస్తన్నాదిరా" అంది. నేను రేడియో కట్టేసి, చెప్పులు వేసుకుని, పెరట్లోకి వెళ్లి కొళాయి పట్టుకు చూశాను. ఏమీ లేదు. "నీకు సుగరు కదమ్మా, చేతులు తిమ్మిరెక్కుతాయి" అన్నాను. డాక్టరుకు కూడా చూపించాను. ఆయన మాత్రలు రాశాడు. వారం పోయాక అమ్మ మళ్లీ చెప్పింది. నేను మళ్లీ రేడియో కట్టేసి, చెప్పులు వేసుకుని, వెళ్లి చూశాను. మూడోసారి అమ్మ నాతో చెప్పలేదు. పాత తువ్వాలు ఒకటి చేతికి చుట్టుకుని కొళాయి తిప్పుకునేది. తర్వాత అదీ మానేసి, పొద్దుటిపూట పక్కింటి నుంచి బిందెతో నీళ్లు మోసుకు రావడం మొదలెట్టింది. అమ్మకు చాదస్తం ముదిరిందని నేను పక్కింటాయనతో నవ్వుతూ అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అప్పుడే టీచరమ్మ రేడియోలో, "నీ మాట ఎనకాల జుమ్మని తేనెటీగలు తిరుగుతన్నాయి, వచ్చి సూస్తాను" అన్నారు. ఆదివారం చర్చి అయ్యాక, బైబిలు ఉన్న చేతిసంచితోనే మా ఇంటికి వచ్చారు. యాంటినా చూపిద్దామని నేను ఉత్సాహంగా మేడ మెట్లెక్కబోయాను.

"ఆకాశం తర్వాత సూద్దుం. ముందు నేల సూపించు" అన్నారు.

పెరట్లోకి తీసుకెళ్లి నా తీగ, క్లాంపు చూపించాను. అమ్మ టీ తెచ్చింది. టీచరమ్మ చెయ్యి కడుక్కుందామని కొళాయి వైపు వంగారు. అమ్మ గబగబా అడ్డం వచ్చి, "వొద్దొదినా, ఆ కొళాయి ముట్టకు. కరుస్తాది" అంది.

"అమ్మకు సుగరండీ" అన్నాను నేను, నవ్వుతూ.

టీచరమ్మ నా వైపు చూడనైనా చూడలేదు. అమ్మతోనే మాట్లాడారు.

"ఎప్పుడు కరుస్తాది వొదినా?"

"పొద్దుటే."

"సాయంత్రం?"

"సాయంత్రం ఏటీ నేదు."

"పొద్దుటేల నీ కొడుకు ఏటి సేస్తంటాడు?"

అమ్మ కొంచెం ఆలోచించింది. అంతవరకూ ఎవరూ ఆవిడను అలా కుదురుగా అడగలేదు మరి. "ఆ డబ్బా కాడ కూకుని మాటాడతంటాడు" అంది.

"ఎల్లి సెట్టు ఏసి రా" అన్నారు టీచరమ్మ నాతో. వేసి వచ్చాను. సంచిలోంచి టెస్టర్ తీసి కొళాయికి ఆనించారు. అందులో చిన్న దీపం ఎర్రగా వెలిగింది. నన్ను మళ్లీ పంపించి సెట్టు కట్టించారు. దీపం ఆరిపోయింది. గునపం తెమ్మన్నారు. గొట్టం మొదట్లో తవ్వితే జానెడు లోతులోనే ఇనుము అయిపోయింది. అక్కడి నుంచి వీధి దాకా తెల్లటి ప్లాస్టిక్ పైపు. ఇల్లు కట్టినప్పుడు ప్లంబరు పైకి కనిపించేంత మేరే ఇనప గొట్టం పెట్టాడన్నమాట. ప్లాస్టిక్ మీదుగా కరెంటు నేలలోకి దిగదు. నా పాత పవర్ సప్లైలో కారుతున్న కరెంటు నా తీగ మీదుగానే వచ్చి కొళాయిలో నిలబడి ఉంది. అమ్మ తడి బండ మీద వట్టి కాళ్లతో నిలబడి దాన్ని ముట్టుకునేది. నేనేమో ప్రతిసారీ రేడియో కట్టేసి, చెప్పులు తొడుక్కుని, పరీక్ష చేసేవాణ్ణి.

టీచరమ్మ గట్టిగా కోప్పడలేదు. కొళాయి పక్కన గొంతుక్కూర్చునే, "నువ్వు కట్టింది ఎర్తు కాదు నాన్నా. పెట్టిలో ఉన్న కరెంటు మోసుకెల్లి మీ అమ్మ సేతిలో ఎట్టినావు" అన్నారు.

ఆ కారుతున్నది ఇంకొంచెం ఎక్కువైతే ఏదో ఒక పొద్దున్న నేను అక్కడ మైకులో అందరికీ శుభోదయాలు చెబుతుండగా ఇక్కడ అమ్మ చచ్చిపోయి ఉండేది. అమ్మ మాత్రం, "అయితే నాకు సుగరు నేదా?" అంది ఆశగా.

"నీ సుగరు సంగతి నాకు తెలీదొదినా. కొళాయికి మాత్రం రోగం ఉన్నాది" అన్నారు టీచరమ్మ.

ఆ రోజు ఆవిడ మా యాంటినా వైపు తలెత్తి కూడా చూడలేదు. పవర్ సప్లైని తనతో పట్టుకుపోయారు, నేను మళ్లీ ఆశపడతానని. తర్వాతి ఆదివారం నుంచి గొయ్యి పని. కూలీని పెడతానంటే ఒప్పుకోలేదు. "బద్దకం నీది. గొయ్యీ నీదే" అన్నారు. నిలువెత్తు గొయ్యి తవ్వి, మధ్యలో ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గూ రాళ్లుప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోసి పూడ్చాను. చేతులు బొబ్బలెక్కాయి. ఇంటి మీటరు బోర్డు ఎర్తు, రేడియో ఎర్తు, యాంటినా పిడుగు తీగ, అన్నీ తెచ్చి అక్కడే కలపమన్నారు. యాంటినాకు వేరే గొయ్యి ఎందుకు వద్దని అడిగితే, "ఇంటికి ఒక్కటే నేలుండాల. రెండుంటే ఆటి మజ్జిన మనిసి సస్తాడు" అన్నారు. కరెంటాఫీసులో తెలిసిన వాళ్ల దగ్గర ఎర్తు కొలిచే మీటరు అడిగి తెచ్చి, ఒకటికి రెండుసార్లు చూశారు.

మీటరు బాగుందని చూపించినా ఆవిడకు చాలలేదు. తను తెచ్చిన వేరే పవర్ సప్లైతో రేడియో వేయించి, అమ్మను పిలిచారు. "రా వొదినా. ఏళ్ల ఎనకతో తాటించి సూడు." అమ్మ భయపడుతూనే తాటించింది. మళ్లీ తాటించింది. తర్వాత అరిచెయ్యి మొత్తం వేసి పట్టుకుని, "ఏటీ నేదు" అంది. "అదీ మీటరంటే" అన్నారు టీచరమ్మ, ఆ చేతిని చూపించి. నాకు రేడియోలో మళ్లీ మాట్లాడే అనుమతి ఆ పూట దొరికింది.

పెద్ద తుపాను వచ్చిన ఏడాది ఫోన్లన్నీ పోతే ఆవిడ కారు బ్యాటరీతో సెట్టు పట్టుకుని కళింగపట్నం దగ్గర ఒక బడి వరండాలో కూర్చున్నారు. నేను తీగలు కట్టడానికి వెళ్లాను. జనం వరసలో నిలబడి దూరాన పనులకు పోయిన వాళ్లకు కబుర్లు చెబుతుంటే, మేం విశాఖ మిత్రులకు అందిస్తే, వాళ్లు ఫోన్లు చేసి చెప్పేవారు. బెస్త కుటుంబంలోని ఒకామె తన పెనిమిటికి కబురు చెప్పింది. ఇల్లు పోయింది, పిల్లలు బాగున్నారు, మేక బతికుంది అని. వరస పొడుగ్గా ఉంది కదా అని నేను కాగితం మీద మేకను కొట్టేశాను. టీచరమ్మ నా చేతిలో కలం లాక్కున్నారు. "ఆ మనిసి సెప్పినాది. కొయ్యడానికి నువ్వెవడివి?" అన్నారు. జన్మంతా మాటలు కత్తిరించి పంపిన మనిషి ఆ మేకను మాత్రం అక్షరం పోకుండా పంపారు.

టీచరమ్మ పోయిన రోజు మధ్యాహ్నమే భూస్థాపన జరిగింది. ఊరి బయట సమాధుల తోటలో హ్యాములం అందరం ఒక పక్కన నిలబడ్డాం. పాస్టరుగారు ప్రార్థన చేశాక పెట్టెను తాళ్లతో దించారు. ఒక్కొక్కరే వెళ్లి గుప్పెడు మట్టి వేస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే అమ్మ వెళ్లి ఆ వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక మట్టి వేసి, పక్కకు తప్పుకోకుండా, టీచరమ్మ కూతురి వైపు తిరిగింది.

"నా కొడుకు శానా సదివినాడమ్మా" అంది, అందరికీ వినబడేలా. "కొళాయి కరుస్తన్నాదంటే నవ్వినాడు. మీ యమ్మ నవ్వనేదు. ఎప్పుడు కరుస్తాది వొదినా, అని అడిగినాది."

అక్కడ మా కాలేజీ వాళ్లున్నారు, నా విద్యార్థులు ఇద్దరున్నారు. అయినా అమ్మ మాటల్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. కూతురు ఏడుస్తూ అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ మట్టి దులుపుకోకుండానే ఆ చేతిని గట్టిగా పట్టుకుని, గోతి అంచునే నిలబడిపోయింది. వెనక వాళ్లు ఒక్కొక్కరే వాళ్లిద్దరినీ చుట్టుకు వచ్చి, వంగి, మట్టి వేసి వెళుతున్నారు.