ప్రమాణం నాడు బిడ్డను లాక్కున్నాను

రాజాంలో అతనూ నేనూ ఒకే బట్టల షాపులో పనిచేసేవాళ్లం. పెళ్లి కాకుండానే గది అద్దెకు తీసుకుని కాపురం పెట్టాం. ఆ సంగతి పురిటి దాకా మా అమ్మకు తెలియదు. తన చెల్లెలి పెళ్లయ్యాక మా పెళ్లి అనేవాడతను. చెల్లెలి పెళ్లయింది, నాకు పాప పుట్టింది. చూడ్డానికి ఆసుపత్రికి రాలేదు సరికదా, బట్టలు సర్దుకుని నరసన్నపేట దగ్గర వాళ్ల ఊరికి చెక్కేశాడు. ఫోన్ చేస్తే ఆ బిడ్డ తనది కాదన్నాడు. నా పాపకు తండ్రెవరో పదిమందిలో తేలాలి. నాకు కావలసింది అంతే.

అమ్మా నేనూ పాపనెత్తుకుని ఆ ఊరి పెద్దమనుషుల దగ్గరికి వెళ్లాం. చెప్పిందంతా విని, వాళ్లలో ఒకాయన అతన్ని ముందుకు పిలిచాడు.

“ఒరే, గుంట నెత్తిమీద సెయ్యేసి నాది కాదని సెప్పీ. మరి పేచీ నేదు.”

అలా బిడ్డ తలమీద చెయ్యేసి తప్పుడు ప్రమాణం చేస్తే ఆ బిడ్డ బతకదని మావైపు నమ్ముతారు. డిగ్రీ చదివాను కానీ నేనూ నమ్ముతాను. తడబడతాడనుకున్నాను. నింపాదిగా చేతులు కడుక్కుని వచ్చాడు. మొహంలో భయం లేదు, సిగ్గు అంతకన్నా లేదు. చెయ్యి చాపాడు. పాప అమ్మ ఒళ్లో నిద్రపోతోంది. ఒక్క ఉదుటున లాక్కుని గుండెకు అదుముకున్నాను.

“సూసారా? గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుంకున్నాది” అని ఎవరో నవ్వారు.

తగువు అక్కడితో తీరిపోయింది. అబద్ధమాడబోయినవాడు ఇంటికెళ్లి భోంచేశాడు. ప్రమాణం చెయ్యనివ్వనందుకు నేను అబద్ధాలకోరునయ్యాను. ఆటోలో అమ్మ దారి పొడుగునా బయటికే చూస్తూ కూర్చుంది. అలిసిపోయిందనుకున్నాను.

కోర్టుకెక్కాను. వాయిదాల మీద వాయిదాలు. పాప నడిచింది, మాటలు నేర్చింది, అంగన్‌వాడీకి వెళ్లింది. అతను వేరే పెళ్లి చేసుకున్నాడు. డీఎన్ఏ పరీక్ష తప్పించుకోవడానికి వెయ్యని వేషం లేదు. చివరికి జడ్జిగారు గట్టిగా చెబితే రక్తమిచ్చాడు. రిపోర్టు వచ్చింది. తండ్రి అతనే.

పరుగున ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. చేపలు తోముతున్నదల్లా ఆగి నా మొహంలోకి చూసింది.

“అయితే ఆడి బిడ్డేనన్నమాట” అంది.

ఆ మాటన్నది నా బిడ్డకు నీళ్లుపోసి, అన్నం పెట్టి, ఇన్నేళ్లూ మా పక్కనే పడుకున్న మనిషి.

“ఆ రోజు ఎందుకు లాక్కున్నాననుకున్నావమ్మా?”

“ఊరందరూ అనుకున్నదే నానూ అనుకున్నానే.”

“ఆడు ఒట్టు ఏసీసీవోడమ్మా. గుంటకేటైనా అయిపోతే?”

అమ్మ చేపల చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. కోర్టు చెప్పేదాకా కన్నకూతుర్ని నమ్మని మనిషి ఏడుపు చూస్తే నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది.